నాచుముద్దలో మొక్క, నేలలో తల్లివేరు



మన పిల్లల ఫోన్లలో ఈమధ్య ఒక కొత్త షౌక్ తిరుగుతోంది. కుండీ ఉండదు, తొట్టి ఉండదు. దారానికి కట్టిన పచ్చటి బంతి ఒకటి కిటికీలో వేలాడుతూ ఉంటుంది. అందులోంచి ఒక ఫెర్న్ మొక్కో, మనీ ప్లాంటో తల బయటపెట్టి చూస్తుంటుంది. జపాన్ వాళ్లు దీన్ని కొకెదమా అంటారు. కొకె అంటే నాచు. తమ అంటే బంతి, ముద్ద. రెండూ కలిసేచోట ‘త’ కాస్తా ‘ద’ అవుతుంది. నాచుముద్ద అన్నమాట.

“ఎంత ఖూబ్‌సూరత్‌గా ఉందో చూడండి అబ్బా, మనమూ చేద్దాం” అని మా పిల్లలు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నెల్లూరు ఎండ. ఆ తర్వాత గుర్తొచ్చింది తారీఖ్. ఎందుకంటే తడి ముద్దలో వేరు పుట్టించే హునర్ మనకు కొత్తది కాదు. మన దేశపు బాగుల్లో అది చాలా పాతది. జపాన్ వాళ్లు దాన్ని అందం కోసం వాడితే, మన మాలీలు రిజ్క్ కోసం వాడారు. ఆ హునర్‌కు ఒక హద్దు కూడా ఉంది. ఆ హద్దు ఎక్కడుందో కావలి నుంచి పులికాట్ దాకా ఉన్న మన సముద్రతీరం బాగా ఎరుగును. ఆ కథే ఈ మజ్మూన్.

వాళ్ల నాచు, మన పాచి

ముందు జపాన్ సంగతి. చైనాలో పళ్లెంలో చిన్న చెట్లు పెంచే పెన్‌జింగ్ అనే కళ ఉంది. అది జపాన్‌కు వెళ్లి బోన్సాయ్ అయింది. బోన్సాయ్ చెట్టు ఏళ్ల తరబడి ఒకే చిన్న కుండీలో ఉంటే వేర్లు అల్లుకుపోయి కుండీ ఆకారంలోనే గట్టిపడతాయి. అప్పుడు చెట్టును కుండీలోంచి తీసి, వేర్ల ముద్దను అలాగే పళ్లెం మీద నిలబెట్టి చూపించే పద్ధతి ఒకటుంది. దాని పేరు నెఅరాయ్, అంటే వేరు కడగడం. కొకెదమా ఆ పద్ధతికి దగ్గరి చుట్టం. చిత్తడి నేలల్లో రెల్లులాంటి మొక్కలు కుళ్లి తయారైన నల్లటి జిగట మట్టిని కెతో అంటారు. దాంట్లో అకదమా అనే ఎర్రమట్టి గుళికలు కలిపి ముద్ద చేస్తారు. మొక్క వేర్లను ఆ ముద్దలో పెట్టి, పైన నాచు పరిచి, దారంతో చుడతారు. ముద్ద తేలికైనప్పుడు నీళ్ల గిన్నెలో ముంచి తీస్తారు. పద్ధతి అంతే.

జపాన్ తడి దేశం. క్యోటోలో సైహోజి అనే బౌద్ధ ఆలయం ఉంది. దాని తోటలో నేలంతా నాచే. నూట ఇరవై రకాల నాచులున్నాయని చెబుతారు. జనం దాన్ని కొకెదెర, అంటే నాచు గుడి అనే పిలుస్తారు. అక్కడ నాచు జీనత్, అలంకారం.

మన దగ్గర నాచు అంటే పాచి. ఉర్దూలో కాయీ. బావిగట్టు మీద, చెరువు మెట్ల మీద, మసీదులో వజూ చేసే హౌజ్ అంచున వానాకాలం పడితే మనకు భయం. ఎవరైనా బుజుర్గ్ కాలు జారతారేమోనని సున్నం చల్లి, చీపురుతో రుద్ది కడిగేస్తాం. మన నెల్లూరు వానలో పెద్ద భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే, ఈశాన్య రుతుపవనంతో, వాయుగుండాలతో కురిసి పోతుంది. తర్వాత నెలల తరబడి ఆకాశం పొడి. రోహిణి కార్తెలో రాళ్లు పగులుతాయంటారు. నాచుకు అసలు వేర్లు ఉండవు, నీళ్లు మోసే నాళాలు ఉండవు. ఒంటి మీద పడ్డ తడినే అది తాగుతుంది. గాలిలో తేమ ఉంటే బతుకుతుంది, లేకపోతే ఎండి నిద్రపోతుంది. కాబట్టి జపాన్ నాచుముద్ద నెల్లూరు కిటికీలో మే నెల దాటడం ముష్కిల్.

మరి మన మాలీలు ఇలాంటి నేలలో, ఇలాంటి ఎండలో తడి ముద్దను ఎలా నిలబెట్టారు?

గూటీ అనే హునర్

గాలి అంటు అన్న మాట రైతులకు తెలుసు. బెంగాల్ మాలీలు దాన్ని గూటీ అనేవారు. 1860లలో ఫర్మింజర్ అనే ఇంగ్లీషు పాదిరీ మన దేశపు తోటపని మీద ఒక పెద్ద కితాబ్ రాశాడు. అందులో ఈ గూటీని వివరంగా చెప్పాడు. ఆయన కనిపెట్టింది కాదది. ఇక్కడి మాలీల చేతుల్లో చూసి రాసుకున్నది.

పని ఇలా ఉంటుంది. పెన్సిలంత లావున్న కొమ్మను ఎంచుకుంటారు. దాని చుట్టూ ఒక అంగుళం మేర బెరడును ఉంగరంలా ఒలిచి తీసేస్తారు. లోపలి కట్టెను మాత్రం ముట్టుకోరు. ఆ ఒలిచిన చోట తడి బంకమట్టినో, నాచునో ముద్దగా పెట్టి గోనెగుడ్డతోనో కొబ్బరి పీచుతోనో చుట్టి కడతారు. కొన్ని వారాలకు ఆ ముద్దలోపల వేర్లు వస్తాయి. అప్పుడు ముద్ద కింద కోసి, కొమ్మను తీసుకెళ్లి నాటుతారు. కొమ్మ మొక్క అవుతుంది.

ఇందులో హిక్మత్ ఏమిటంటే, చెట్టులో రెండు దారులుంటాయి. వేరు నుంచి నీళ్లు కట్టె గుండా పైకెక్కుతాయి. ఆకులు వండిన తిండి బెరడు గుండా కిందికి దిగుతుంది. బెరడు ఒలిచినప్పుడు పైకెళ్లే నీళ్ల దారి అలాగే ఉంటుంది, దిగే తిండి దారి మాత్రం తెగుతుంది. ఆ తిండి ఒలిచిన చోటు పై అంచున పోగుపడుతుంది. చుట్టూ తడి, చీకటి. చెట్టు అక్కడ వేరు వేస్తుంది. కొమ్మ తల్లిచెట్టు నుంచి నీళ్లు తాగుతూనే తన సొంత వేర్లు తయారు చేసుకుంటుంది. సబర్‌తో చేసే పని ఇది. తొందరపడి ముందే కోస్తే రెండూ దక్కవు.

ఇక తడి సంగతి. పాలిథిన్ కాగితం లేని జమానాలో ముద్ద ఎండిపోకుండా ఏం చేసేవారు? పైకొమ్మకు ఒక చిన్న ముంత వేలాడదీసేవారు. ముంత అడుగున చిల్లి పెట్టి, అందులోంచి ఒక తాడు దించి, ఆ తాడును ముద్ద చుట్టూ చుట్టేవారు. ముంతలో పోసిన నీళ్లు తాడు వెంట బొట్టుబొట్టుగా దిగి ముద్దను తడిపేవి. రోజుకోసారి ముంత నింపితే చాలు. ఇప్పుడు మనం డ్రిప్ అంటున్నామే, దాని తాతయ్య అన్నమాట. నిమ్మ, దానిమ్మ, జామ, లిచీ ఇలాగే ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి పాకాయి. కొకెదమాలో మొక్కకు ముద్ద ఇల్లు. గూటీలో ముద్ద తల్లి కడుపులాంటిది. వేర్లు వచ్చాక బిడ్డ బయటికి రావాల్సిందే.

రెండు కలాలు

ఇక్కడ మన జబాన్‌లో ఒక మాట ఉంది. కలమ్. తెలుగులోనూ కలమే. రాసేది. ఖురాన్‌లో ఒక సూరాకే ఆ పేరుంది. కానీ ఉర్దూలో మాలీని అడిగితే కలమ్ అంటే కోసి నాటే కొమ్మ, అంటు కట్టే కొమ్మ. కలమ్ లగానా అంటే అంటు పెట్టడం. గింజ నుంచి పుట్టిన మామిడిని తుఖ్మీ అంటారు, తుఖ్మ్ అంటే గింజ కాబట్టి. అంటుతో వచ్చిన మామిడి కల్మీ. ఒక చెట్టు కొమ్మను ఇంకో చెట్టు కాండంతో అతికించడం పైవంద్. చిరిగిన బట్టకు వేసే అతుకును కూడా పైవంద్ అనే అంటాం. మన నానీలు వాడిన మాటే.

ఈ ఇల్మ్ దూరాలు నడిచింది. 12వ శతాబ్దంలో అందులూస్‌లోని సెవిల్‌లో ఇబ్న్ అల్ అవ్వామ్ అనే ఆయన కితాబుల్ ఫిలాహా అనే వ్యవసాయ గ్రంథం రాశారు. నేలల సంగతి, నీళ్ల సంగతి, చెట్లను ఎలా పెంచాలి, కొమ్మను ఎలా అంటుకట్టాలి అన్నవి అందులో వివరంగా ఉన్నాయి. 1802లో స్పెయిన్ వాళ్లు దాన్ని తమ భాషలో అచ్చేసుకున్నారు, చదువుకోవడానికే కాదు, తమ రైతులకు పనికొస్తుందని. అంటే రాసిన ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ కితాబ్ పొలంలో పనిచేసింది.

మన దేశంలో బాబర్ బాదుషా కాబుల్ వైపు తన బాగె వఫాలో హిందుస్తాన్ అరటిని తీసుకెళ్లి నాటించిన సంగతి తన తుజుక్‌లో రాసుకున్నాడు. జహంగీర్ తన తుజుక్‌లో ఒక మాలీ పేరే రాశాడు. ముహమ్మద్ ఖులీ అఫ్షార్. అక్బర్ కాలంలో కశ్మీర్ బాగులు చూసిన మనిషి. కాబుల్ నుంచి చెర్రీని కశ్మీర్‌కు తెచ్చింది, అక్కడ పైవంద్‌ను వ్యాపింపజేసింది ఆయనేనని జహంగీర్ చెప్పాడు. దక్షిణాన హైదర్ అలీ 1760లో బెంగళూరులో లాల్‌బాగ్ మొదలుపెట్టాడు. తర్వాత టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి గింజలు, మొక్కలు తెప్పించి దాన్ని పెంచాడు.

మన తెలుగు నేలమీద బనగానపల్లె ఉంది. ఆ చిన్న నవాబుల సంస్థానం పేరు ఇవాళ ప్రపంచానికి తెలిసింది కోట వల్ల కాదు, జంగ్ వల్ల కాదు. మామిడి వల్ల. 2017లో ఆ మామిడికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి. బనగానపల్లె పండు తిని టెంక నాటితే అదే పండు రాదు, ఎలాంటి పండొస్తుందో అల్లాహ్‌కే తెలుసు. అదే రుచి కావాలంటే అంటే కట్టాలి. అంటే ఇప్పుడు మన పెరట్లో ఉన్న బనగానపల్లె చెట్టు, ఎన్నో తరాల కిందటి మొదటి చెట్టు కొమ్మకు కొమ్మ. మధ్యలో ఒక్క తరం మాలీలు పని మానేసి ఉంటే ఆ సిల్సిలా తెగిపోయేది.

ఆ మాలీల పేర్లు మనకు తెలుసా? ముహమ్మద్ ఖులీ పేరు ఒక బాదుషా రాశాడు కాబట్టి మిగిలింది. మిగతావాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. రాసే కలమ్ నవాబుల తారీఖ్ రాసింది. కోసే కలమ్ మాలీల తారీఖ్ రాసింది. మొదటిది లైబ్రరీలో ఉంది. రెండోది వేసవిలో మన దస్తర్‌ఖాన్ మీదికి వస్తుంది.

సల్మాన్ ఫార్సీ (రజి) ఖజూర్ పిలకలు

తల్లి దగ్గర ఉండగానే వేరు పోసుకుని, తర్వాత విడిపోయి నాటుకునే మొక్క మన దీన్‌లోనూ ఒక ముఖ్యమైన చోట కనిపిస్తుంది. ఖజూర్ చెట్టు మొదట్లో పిలకలు వేస్తుంది. ఆ పిలకకు తల్లి పక్కనే సొంత వేర్లు వస్తాయి. అప్పుడు దాన్ని జాగ్రత్తగా వేరుచేసి నాటుతారు. అరబీలో ఆ పిలకను ఫసీలా అంటారు. గింజ నాటితే పుట్టేది పోతు చెట్టో పెంటి చెట్టో చెప్పలేం. పిలక అయితే అచ్చం తల్లే.

సల్మాన్ ఫార్సీ (రజి) గులామీలో ఉన్నప్పుడు ఆయన విడుదలకు యజమాని పెట్టిన షరతు మూడు వందల ఖజూర్ మొక్కలు నాటి బతికించడం, నలభై ఊకియాల బంగారం. సహాబాలు తలా కొన్ని పిలకలు తెచ్చారు. గుంటలు తవ్వారు. ప్రవక్త (స) తన ముబారక్ చేతులతో ఆ మొక్కలు నాటారు. సీరత్ కితాబుల్లో ఉన్న మాట ఇది. ఒక మనిషి ఆజాదీ ధర అక్కడ మొక్కల లెక్కలో ఉంది. అదీ పాతేసి వెళ్లిపోయే లెక్క కాదు, వేరుపట్టి బతికే లెక్క.

చేతిలో ఫసీలా ఉండగా ఖియామత్ వచ్చినా సరే, వీలైతే దాన్ని నాటేయమని ప్రవక్త (స) చెప్పినట్టు అనస్ (రజి) రివాయత్ మనలో చాలామందికి తెలుసు. తెలుగులో మొక్క అనేస్తాం కానీ అక్కడున్న మాట ఈ ఖజూర్ పిలకదే. దాని నీడ మనం చూడకపోయినా నాటే అమల్ మనది. మనిషో పక్షో తిన్నంతకాలం సద్ఖా జారియా.

గాలి పెట్టిన ఇమ్తిహాన్

ఇప్పుడు మన తీరానికి రండి. గాలి అంటు ఎంత తేలికో, అంత గొప్పదైతే, ప్రతి తోటా దాంతోనే పెంచొచ్చు కదా?

మన ఇసుక నేలల్లో జీడిమామిడి ఉంది. కొందరు ముంతమామిడి అంటారు, ఉర్దూలో కాజూ. పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చిన చెట్టు. మన గాలికి, ఉప్పుకి, ఇసుకకి అలవాటుపడి మనదైపోయింది. గింజ నాటితే ఒక్కో చెట్టు ఒక్కో రకంగా కాస్తుంది. అందుకని మంచి చెట్టు నుంచి గాలి అంట్లు కట్టి నాటే పద్ధతిని ఒకప్పుడు బాగా ప్రోత్సహించారు. మొక్క తొందరగా చేతికొస్తుంది, తల్లిలాగే కాస్తుంది. అంతా బాగుంది.

కానీ గాలి అంటుకు తల్లివేరు ఉండదు. గింజ మొలిచినప్పుడు మొట్టమొదట నేలలోకి నిటారుగా దిగే వేరు ఒకటి ఉంటుంది కదా, అది. కొమ్మకు ముద్దలో పుట్టేవి పక్కలకు పాకే వేర్లు. నీళ్లు పెట్టే పెరట్లో నిమ్మచెట్టుకు, దానిమ్మకు అవి చాలు. నీళ్లు లోతుకు జారిపోయే ఇసుకలో, సముద్రం నుంచి గాలి కొట్టే చోట పెద్ద చెట్టుకు అవి చాలవు. తూర్పు తీరంలో జీడిమామిడి గాలి అంట్లు కరువుకు తట్టుకోలేవని, తుఫానుకు పట్టు తప్పి పడిపోతాయని శాస్త్రవేత్తలు గమనించారు.

మన తీరం తుఫానుల తీరం. 1927 నవంబర్‌లో నెల్లూరును ఒక తుఫాను దెబ్బతీసింది. 1984 నవంబర్‌లో శ్రీహరికోట దగ్గర ఇంకొకటి. 1989లో గే అనే తుఫాను థాయిలాండ్ సముద్రంలో పుట్టి, ఆ దేశపు సన్నటి నేలను దాటి, బంగాళాఖాతమంతా ఈది, నవంబర్ 8 అర్ధరాత్రి వేళకు మన కావలి దగ్గర ఒడ్డెక్కింది. ఇలాంటి తూఫాన్ వచ్చినప్పుడు చెట్టు ఆకులెంత పచ్చగా ఉన్నాయి, కాయలెన్ని కాసింది అని గాలి అడగదు. నీ జడ్ ఎంత లోతుకుంది అని అడుగుతుంది.

దానికి దొరికిన జవాబ్ పైవంద్. 1980ల నుంచి జీడిమామిడిలో గాలి అంటు వెనక్కి వెళ్లి, మృదుకాండపు అంటు ముందుకొచ్చింది. మన పక్కనే బాపట్లలో ఉన్న జీడిమామిడి పరిశోధనా స్థానం బీపీపీ పేరుతో ఎన్నో రకాలు ఇచ్చింది. ఆ రకాలు నర్సరీల నుంచి రైతులకు ఈ అంట్లుగానే చేరతాయి. ముందు సంచిలో నాటు గింజ వేస్తారు. ఒకటిన్నర రెండు నెలల మొలక కాగానే తల కోసి, కాండాన్ని నిలువునా చీలుస్తారు. మంచి తల్లిచెట్టు కొమ్మను మేకులా చెక్కి ఆ చీలికలో దింపి, గట్టిగా కట్టు కడతారు. రెండూ అతుక్కుంటాయి. కింద ఈ నేలలో మొలిచిన తల్లివేరు. పైన ఎంచి తెచ్చిన షాఖ్. కాపు కొమ్మది, పట్టు వేరుది.

నాచుముద్దను మన మాలీలు తక్కువ చేశారని కాదు. దేనికి ఏది తగునో తీరం వాళ్లకు నేర్పింది.

మనం ఏ రకం మొక్కలం

ఇదంతా చదివాక తోటపని కథలా అనిపించొచ్చు. నాకు ఇది మన కథలా కూడా అనిపిస్తుంది.

మన పిల్లలను బయట ఎవరో ఒకరు ఎప్పుడో అప్పుడు అడుగుతారు. “మీరు ఎక్కడి నుంచి వచ్చారు?” పేరు చూసి అడుగుతారు, టోపీ చూసి అడుగుతారు. కొన్నిసార్లు మంచిగానే అడుగుతారు. ఆ సవాల్ వెనక ఒక ఖయాల్ ఉంటుంది. మనం ఎక్కడో తయారై ఇక్కడ వేలాడదీసిన కొకెదమాలమని. దారం కోస్తే తీసుకెళ్లి ఇంకోచోట తగిలించొచ్చని.

కొంతమంది మనవాళ్లు కూడా తెలియక ఆ ఖయాల్‌నే మోస్తారు. తమ నస్ల్ అరబ్ నుంచి, ఇరాన్ నుంచి వచ్చిందని చెప్పుకోవడంలోనే ఇజ్జత్ ఉందనుకుంటారు. కొన్ని ఖాందాన్లు బయటి నుంచి వచ్చిన మాట నిజమే. కానీ మనలో ఎందరో ఈ నేల మనుషుల ఔలాద్. నూర్‌బాషా సోదరుల ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాదరీ జబాన్. మిగతా మన ఇళ్లలో మాట్లాడే దక్కనీ ఢిల్లీ ఉర్దూ కాదు, లక్నో ఉర్దూ కాదు. దక్కన్‌లో పుట్టి, ఇక్కడి మాటలను, ఇక్కడి యాసను కలుపుకుని ఎదిగిన భాష.

అటు తెలుగును చూడండి. 1801లో కంపెనీ చేతికి పోయేదాకా నెల్లూరు ఆర్కాటు నవాబుల హుకూమత్‌లో ఉండేది. నవాబు ముహమ్మద్ అలీ సోదరుడు నజీబుల్లా 1750లలో నెల్లూరు కిల్లాలో కూర్చుని పాలించాడు, అన్న మీద తిరగబడ్డాడు కూడా. ఆ హుకూమత్ పోయింది, ఆ కిల్లా పోయింది. మాటలు మాత్రం నేలలో వేరు పట్టాయి. రైతు అనే మాట అరబీ రయ్యత్. కౌలు అరబీ ఖౌల్, అంటే ఇచ్చిన మాట. ఖరీఫ్ అంటే అరబీలో శరత్కాలం, రబీ అంటే వసంతం. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ లెక్క ఉంది. జిల్లా, తాలూకా, దస్తావేజు, తారీఖు, కలం, గులాబీ. మన తీరంలో ఏ రైతన్నా ఇవి పరాయి మాటలని అనుకుని పలకడు. మనమూ అమ్మ, అన్నం, పెరుగు, పొలం అనే మాటలను పరాయివని అనుకుని పలకం.

ఇది వేలాడే ముద్ద కాదు. ఇది పైవంద్. తల్లివేరు ఈ నేలది. దాని మీద దీన్, ఇల్మ్, జబాన్ అనే షాఖ్ అతుక్కుని ఎన్నో తరాలైంది. అతుకు ఎక్కడుందో వెతికితే కనిపిస్తుంది, అంటు మామిడి మొదట్లో చిన్న బుడిపెలా. దాన్ని దాచుకోవాల్సిన పనీ లేదు, కోసి రెండు చేయాల్సిన పనీ లేదు. వేరు కోస్తే కొమ్మ ఎండుతుంది. కొమ్మ కోస్తే వేరు మిగులుతుంది కానీ ఆ కాపు రాదు. ఎవరైనా పిల్లల్ని ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే గుస్సా పడొద్దని, ఇక్కడే మొలిచామని నెమ్మదిగా చెప్పమని నేనంటాను.

చేయాలనుకున్నవాళ్లకు

ఇంత చెప్పి పిల్లల షౌక్ మీద నీళ్లు పోయడం నా మక్సద్ కాదు. కొకెదమా చేయండి. కాకపోతే మన రకంగా చేయండి. దూరం నుంచి నాచు తెప్పించకండి, మన దగ్గర కొబ్బరి పీచు ఉంది. చెరువు బంకమట్టి ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు కొంచెం కలపండి. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి ముందు రెండు మూడుసార్లు నీళ్లలో కడిగి పిండండి. ముద్ద నొక్కితే విడిపోకూడదు, నీళ్లు కారకూడదు. మనీ ప్లాంట్‌లాంటి గట్టి మొక్కను అందులో పెట్టి, పీచు పరిచి, దారంతో అన్నివైపులా చుట్టండి. ఎండ పడని కిటికీలో, వంటింటి పక్కన తగిలించండి. చేత్తో ఎత్తి చూస్తే తేలికగా అనిపించినప్పుడు బకెట్‌లో పది నిమిషాలు ముంచండి. వజూకు వాడే నీళ్లలో ఇస్రాఫ్ వద్దని నేర్పిన దీన్ మనది కాబట్టి, ఆ బకెట్ నీళ్లు పారబోయకుండా పెరటి చెట్టుకు పోయండి.

పెరట్లో చెట్టు లేకపోతే అదే మొదటి పని. పిల్లలు ముద్దను కట్టిన రోజే వాళ్ల చేత ఒక అంటు మొక్కను నేలలో కూడా నాటించండి. మామిడో, సపోటానో, నిమ్మో. ఇంటి ముందు చోటు లేకపోతే మసీదు ఆవరణలో, ఖబ్రస్తాన్ గోడ పక్కన, మదరసా వెనక చోటుంటుంది. నాటేటప్పుడు మొక్క మొదట్లో ఉన్న అంటు బుడిపెను పిల్లల వేలితో తాకించి, కింద ఏముందో, పైన ఏముందో చెప్పండి. అతుకు కింద నుంచి మొలిచే నాటు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలనీ, అతుకు మట్టిలో కూరుకుపోకూడదనీ నేర్పండి. నవంబర్ గాలులకు ముందే పక్కన ఒక గట్టి కర్ర పాతి వదులుగా కట్టమనండి. తల్లివేరు లోతుకు దిగేదాకా రెండేళ్లు ఆ కర్ర అవసరం. తర్వాత అవసరం ఉండదు, ఇన్షా అల్లాహ్.